అడయారు చెట్ల నీడ

మహానగరమును చూడబోవు సందర్శకుడు సాధారణముగ కట్టడములను వెదకును. కోట, గోపురము, వస్తుప్రదర్శనశాల వరుసగ చూచి, చూచినవాని పేరులు చిన్న పుస్తకమున వ్రాసికొని, తిరుగు రైలెక్కును. చెన్నపట్టణమునకు ఇట్లు వచ్చి పోవు తెలుగువారు లెక్కకు మిక్కిలి. అయితే ఆ నగరమునకు దక్షిణమున, కట్టడములకంటె చెట్లనే ముందుగ చూడదగిన పేట యొకటి కలదు. దాని పేరు అడయారు. అచట చెట్లను చూచుట యనగా కొమ్మలను, పూవులను చూచి సంతోషించుట మాత్రమే కాదు. ఈ చెట్లను నాటినదెవరు? నరకనీయక నిలిపినదెవరు? ఈ నీడ ఎవరికి దక్కినది? ఈ మూడు ప్రశ్నలను వెంటబెట్టుకొని నడచువానికి ఆ పేట పాఠ్యగ్రంథమువలె తెరచుకొనును.

నదీముఖమున

మైలాపూరు వైపునుండి దక్షిణముగ వచ్చువారు నదిని దాటి అడయారు చేరవలెను. తమిళమున ‘ఆఱు’ అనగా నది. తెలుగు ‘ఏఱు’నకు అది జ్ఞాతిపదము. పేటకు పేరిచ్చినది ఆ యేరే. నదిపై 19వ శతాబ్దమునాటి ఎల్ఫిన్‌స్టన్ వంతెన పనిలేని ముసలివానివలె ప్రక్కకు తొలగి నిలిచియుండగా, 1973లో కట్టిన తిరు.వి.క. వంతెన బండ్ల బరువంతయు మోయుచున్నది. వంతెనపై నిలిచి తూర్పునకు చూచినచో వెడల్పయిన నదీముఖము, దాని కావల ఇసుకతిన్నె, ఆ పైని సముద్రము కానవచ్చును. కుడిచేతి యొడ్డున మేడలకు మారుగ దట్టమైన వనరేఖ యొకటి సముద్రమువరకు సాగిపోవును. ఇంత పెద్ద నగరమధ్యమున ఆ పచ్చని గీత ఎట్లు మిగిలినదన్న ఆశ్చర్యము సందర్శకునకు ఇచటనే కలుగును.

ఈ నదీతీరము చరిత్ర విద్యార్థులకు క్రొత్తది కాదు. 1746 అక్టోబరు 24న మహఫూజ్‌ఖాను నాయకత్వమున ఆర్కాటు నవాబు సేన, శిక్షణ పొందిన చిన్న ఫ్రెంచి దళముచేతిలో ఓడినది ఇచటనే. సంఖ్యను శిక్షణ జయించునని ఐరోపావారు నేర్చుకొనిన ఆ పాఠము తరువాతి దక్షిణాపథ చరిత్రనే మార్చినది. నాటి రణభూమి జాడలేవియు నేడు లేవు. నీటి యంచున కొంగలు మాత్రము నిలిచియుండును. నదికి ఉత్తరపు టొడ్డున, పాయలోనికి నీరు చొచ్చుకొనివచ్చుచోట, ఒకప్పుడు చెత్తకుప్పలు పేరుకొనియుండిన 58 ఎకరముల నేలను బాగుచేసి 2011లో తొల్కాప్పియ పూంగాయను పేరున వనముగ తెరచిరి. చెడిన నేల మరల బాగుపడగలదని చూపుటకు పిల్లలను కొనిపోదగిన స్థలమది.

ఊడలే మ్రానైన చెట్టు

వంతెన దిగి తూర్పునకు తిరిగినంతనే దివ్యజ్ఞాన సమాజపు ద్వారము. 1875లో న్యూయార్కున రష్యా దేశీయురాలు బ్లావట్‌స్కీ, అమెరికా దేశీయుడు కర్నలు ఆల్కాటు మున్నగువారు స్థాపించిన ఈ సమాజము, 1882లో హడ్డిల్‌స్టన్ తోటయను 27 ఎకరముల స్థలమును కొని, ఆ డిసెంబరునుండి తన కేంద్రమును ఇచట నెలకొల్పినది. అటుపిమ్మట అనీబెసెంటు అధ్యక్షత వహించిన కాలమున ప్రక్క తోటలు ఒకదాని వెంట నొకటి వచ్చి చేరినవి. నేడు ఆవరణము సుమారు 250 ఎకరములు. నియమిత వేళలందు మాత్రమే సందర్శకులకు ప్రవేశము. లోపల బిగ్గరగ మాటలాడుట, తినుబండారములు పారవేయుట కూడదు. ద్వారము దాటినంతనే బండ్ల రొద వెనుకబడును. మహాగని, కొబ్బరి, మామిడి, వేప, సరుగుడు వృక్షముల నడుమ ఎర్రమట్టి బాటలు. ఆ నడుమనే దేవాలయము, బౌద్ధ మందిరము, క్రైస్తవాలయము, మసీదు. తాళపత్రములను, అచ్చు పుస్తకములను వేల కొలది దాచిన అడయారు గ్రంథాలయము. దీనిని 1886లో ఆల్కాటు స్థాపించెను.

సందర్శకులందరు వెదకికొనిపోవునది మర్రిచెట్టును. దాని వయస్సు నాలుగువందల యేబది యేండ్ల వరకు ఉండునని అంచనా. దాని నీడను అనీబెసెంటు, జిడ్డు కృష్ణమూర్తి, మరియా మాంటిస్సోరి వంటివారి ప్రసంగములు జరిగినవి. వేలమంది ఆ కొమ్మల క్రింద కూర్చుండి వినిరి. కాని నేడు ఆ చెట్టును చూచువానికి మొదట కలుగునది నిరాశ. మహావృక్షమని విని వచ్చినవాడు మహాకాండమును వెదకును, అది కానరాదు. 1989లో వచ్చిన తుపానుగాలికి మూలకాండము కూలిపోయినది. అయినను చెట్టు చావలేదు. ఏనాడో నేలకు దిగి వేరూని స్తంభములైన ఊడలు కొమ్మలను మోయుచున్నవి. మూలము పోయిన మధ్యభాగము ఖాళీగ నున్నది. చుట్టును ఊడల సంతతి పచ్చగ నున్నది.

వృక్షశాస్త్రము బోధించు ఉపాధ్యాయునకు ఇంతకు మించిన ప్రత్యక్ష పాఠము దొరకదు. కొమ్మనుండి వ్రేలాడు ఊడ, నేలను తాకనంతవరకు మర్రిచెట్టునకు అలంకారమే. నేలలో వేరూనిన నాటినుండియే అది ఆధారము. అడయారులో పుట్టిన సంస్థలను చూచునప్పుడును ఈ భేదమును గుర్తుంచుకొనుట మంచిది.

గోడ వెలుపలి బడి

చక్కని తోటకు గోడ యుండుట సహజము. గోడకు లోపల నీడయు, వెలుపల ఎండయు నుండుటయు సహజమే. కాని ఆల్కాటు ఆ గోడ వెలుపలికి చూచెను. తోట ప్రక్కనున్న ఊరూరు మొదలగు పల్లెలయందు, నాడు పంచములని పిలువబడినవారి బిడ్డలకు బడి గుమ్మమే మూసియుండెను. 1894లో ఆయన వారికొరకు ఉచిత పాఠశాలను తెరచెను. ఆ పాఠశాల ఆయన పేరున బెసెంటునగరులో నేటికిని పేద పిల్లలకు ఉచితముగ చదువు చెప్పుచున్నది. ప్రక్కనున్న బెస్తపల్లెకు సైతము ఊరూరు ఆల్కాటు కుప్పమని ఆయన పేరు నిలిచియున్నది. సమాజపు సిద్ధాంతములను అంగీకరించువారును, అంగీకరింపనివారును ఉందురు. ఈ బడి విషయమున వాదమునకు తావులేదు.

మరి నలువది యైదేండ్లకు ఇంకొక పాఠము ఈ చెట్ల క్రింద జరిగినది. సమాజాధ్యక్షుడు జార్జి అరండేలు ఆహ్వానముపై, 1939లో ఇటలీ దేశపు విద్యావేత్త మరియా మాంటిస్సోరి, కుమారుడు మారియోతో అడయారు వచ్చెను. ఆమె వయస్సు అప్పటికి 69. సుమారు మూడువందల మంది ఉపాధ్యాయులు దేశపు నలుమూలలనుండి వచ్చి ఆమె తరగతులలో చేరిరి. కొద్ది నెలలు ఉండిపోవలెనని వచ్చిన ఆమెను యుద్ధము కదలనీయలేదు. 1940లో ఇటలీ యుద్ధమున దిగగానే ప్రభుత్వము మారియోను నిర్బంధించి, ఆమెను అడయారు ఆవరణము దాటరాదని కట్టడి చేసినది. ఆగస్టు 31న, ఆమె డెబ్బదియవ జన్మదినమున, కుమారుడు విడుదలయ్యెను. 1946 వరకు ఆమె ఈ దేశముననే యుండి వందలమంది ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. నేడు భారతదేశమున ఏ మారుమూల పట్టణమున మాంటిస్సోరి పేరు బోర్డుపై కనబడినను, ఆ పేరు ఈ దేశమున పాదుకొనిన నేలలో అడయారు ముఖ్యమైనది. ఆ బోర్డులన్నింటి క్రింద ఆమె పద్ధతియే నడచుచున్నదా యన్నది వేరు ప్రశ్న; దానికి సమాధానము ఆయా బడుల పంతుళ్ళు చెప్పవలెను.

దెబ్బలు తిన్న బాలుడు

అడయారు కథలో తెలుగువారికి మిక్కిలి దగ్గరివాడు మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. తల్లిని పదియేండ్లకే పోగొట్టుకొనిన ఆ బాలుడు, రెవిన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి పొందిన తండ్రి నారాయణయ్య సమాజపు ఉద్యోగమునకు రాగా, 1909లో తమ్ములతోపాటు ఇచటికి వచ్చెను. కుటుంబమునకు దొరికిన ఇల్లు ఆవరణపు గోడ వెలుపల, శిథిలమైన చిన్న ఇల్లు. బడిలో ఆ బాలుడు మందమతియని పేరు పొందెను. పాఠము అప్పగింపలేక దెబ్బలు తినుట అతనికి నిత్యకృత్యము. ఆ సంవత్సరమే నదీముఖమునందలి ఇసుకపై ఆడుకొనుచున్న అతనిని లెడ్‌బీటరు చూచి, ఇతడు జగద్గురువు కాగలవాడని ప్రకటించుటయు, అనీబెసెంటు అతనిని పెంచుటయు ప్రసిద్ధములు. అతనికొరకు ఒక సంఘమే ఏర్పడినది. దేశదేశములయందు వేలమంది అందు చేరిరి. 1929లో హాలండున ఆ సంఘమును అతడు తానే రద్దుచేసి, తాను ఎవరికిని గురువును కానని చెప్పెను.

ఉపాధ్యాయులకు ముఖ్యమైనది ఆ తరువాతి భాగము. భయపెట్టి నేర్పునది విద్య కాజాలదని, పోలికలు పెట్టి పిల్లలను నలుగగొట్టరాదని కృష్ణమూర్తి జీవితాంతము చెప్పుచు వచ్చెను. చెప్పి ఊరకుండలేదు, మదనపల్లె సమీపమున, వానలెరుగని రాయలసీమ కొండల నడుమ, ఋషివ్యాలీ విద్యాలయమునకు కారకుడయ్యెను. ఆ బోడినేలపై ఉపాధ్యాయులు, విద్యార్థులు పెంచిన వనము నేడు పక్షులకు ఆశ్రయమైనది. అడయారు ఊడ యొకటి తెలుగునేలలో వేరూనినదని చెప్పుటకు ఇది సాక్ష్యము. అనీబెసెంటు పోయిన పిమ్మట సుమారు అర్ధశతాబ్దము కృష్ణమూర్తి సమాజపు ద్వారము దాటలేదు. నదికి ఉత్తరమున, గ్రీన్‌వేస్ రోడ్డుగ ప్రసిద్ధమైన బాటపైనున్న వసంత విహారమే చెన్నపట్టణమున ఆయన నివాసము. అదియును చెట్ల నీడయే. 1980లో ఆయన మరల సమాజావరణమున అడుగిడెను. 1986 జనవరిలో వసంత విహారమున చివరి ప్రసంగము చేసి, అడయారు ఇసుకపై చివరిసారి నడచి, అమెరికా వెళ్ళెను. ఫిబ్రవరిలో అచటనే కన్నుమూసెను.

ఇసుకలో కళాక్షేత్రము

1935లో సమాజపు వజ్రోత్సవ సమయమున రుక్మిణీదేవి అరండేలు అడయారులో చేసిన నాట్యము దక్షిణదేశమున పెద్ద చర్చను లేపినది. తరతరములుగ దేవదాసీ కుటుంబములును, నట్టువనారులును కాపాడుకొనివచ్చిన ఆ కళను కులీన స్త్రీ రంగస్థలమున ప్రదర్శించుట ఆనాటికి అపూర్వము. ఆమె నేర్చుకొనినది మైలాపూరు గౌరి అమ్మాళ్, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై వద్దనే. మూలమున ఆ కళ ఎవరిదో, కీర్తి ఎవరికి దక్కినదో అన్న ప్రశ్న నేటికిని విజ్ఞులు చర్చించునదే; అడయారు చూచువాడు ఈ రెండవ ప్రక్కనుగూడ తెలిసికొనవలెను.

1936లో ఆమె స్థాపించిన కళాక్షేత్రము మొదట సమాజపు చెట్ల క్రిందనే నడచినది. 1962లో తిరువాన్మియూరు దిక్కున సుమారు నూరు ఎకరముల స్వంత స్థలమునకు తరలినది. ఆనాడు అది ఇసుకనేల. రుక్మిణీదేవి మొదట చేసిన పని చెట్లను నాటించుట. నేడు ఆ ఆవరణమున గడ్డికప్పుల, పెంకుటిండ్ల తరగతులు చెట్లలో ఒదిగియుండును. ఉదయము మర్రిచెట్టు క్రింద ప్రార్థనకు విద్యార్థులు కూడుదురు. ఆ వెనుక కర్ర తాళముల చప్పుడు నలుదెసల వినవచ్చును. 1993లో పార్లమెంటు శాసనముచే అది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ యైనది. తెలుగు సందర్శకునకు అచట ఒక ఆనందము వేచియున్నది. తమిళ, మలయాళ, సింహళ దేశముల బాలికలు క్షేత్రయ్య పదమును, త్యాగరాజ కృతిని అర్థము తెలిసికొని, ఉచ్చారణ దిద్దుకొని అభినయింతురు. తెలుగు ఎరుగని నోటికి తెలుగు నేర్పుచున్న బడి, తెలుగునాట కాక సముద్రపు టొడ్డున ఇసుకలో వెలసినది.

ఆంధ్రుల జాడ

నదిని దాటుటకు ముందు సందర్శకుడు నడచి వచ్చిన బాట పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఉప్పు సత్యాగ్రహమున చెరసాల చూచి, రాజ్యాంగసభలో సభ్యురాలైన దుర్గాబాయి, 1937లో చెన్నపట్టణమున ఆంధ్ర మహిళా సభను స్థాపించెను. బాల్యమున చదువు మానిన స్త్రీలకు మరల చదువు చెప్పి, పనిపాటలు నేర్పి, తమ కాళ్ళపై నిలువబెట్టుట దాని ఉద్దేశము. ఆ సభ వైద్యశాల అడయారు నదీతీరమున వెలసినది. ఆమె పేరు తమిళనాట ఒక రాజమార్గమునకు నిలిచినదన్న, అది ఆంధ్రులకు మాత్రమే చేసిన సేవకు కాదు.

ఇటువంటిదే డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి కృషి. నిరాశ్రయ బాలికలకొరకు ఆమె నెలకొల్పిన అవ్వై నిలయమును, 1954లో పండ్రెండు పడకలతో ఆరంభమైన క్యాన్సరు వైద్యశాలయును అడయారులోనే యున్నవి. తన చెల్లెలిని ఆ వ్యాధి బలిగొనుట చూచిన వైద్యురాలు, మూడు దశాబ్దములు ఆ దుఃఖమును మరువక, దానిని వైద్యశాలగ మార్చెను. నేడు ఆ వైద్యశాలకు దేశము నలుమూలలనుండి రోగులు వత్తురు; వారిలో ఆంధ్ర, తెలంగాణములవారు అనేకులు. అడయారు పేరు వినగానే చెట్లు కాక ఆ వైద్యశాలయే మనస్సునకు వచ్చు కుటుంబములు తెలుగునాట ఎన్నియో కలవు.

అలల యొడ్డున

గాంధీనగరు, కస్తూరిబా నగరు వీధులలో నిద్రగన్నేరు కొమ్మలు పైని కలిసికొని పందిరి వేసినట్లుండును. వేసవిలో తురాయిపూలు రాలి బాట ఎర్రబడును. ఆ వీధులను దాటి తూర్పునకు నడచినచో అనీబెసెంటు పేరు మోసిన బెసెంటునగరు, దాని చివర ఇలియట్సు బీచి. ఇసుకపై తెల్లని చిన్న మండపమొకటి కానవచ్చును. 1930లో అలలలో చిక్కినవారిని కాపాడబోయి మునిగిపోయిన డెన్మార్కు దేశీయుడు ష్మిట్ స్మారకమది. ఎరుగని దేశపు తీరమున, పరాయివారికై ప్రాణమిచ్చినవానికి కట్టిన ఆ గుర్తుపై నేడు పిల్లలు ఎక్కి ఆడుకొందురు. వారి తల్లిదండ్రులలో ఆ కథ ఎరిగినవారు తక్కువ.

ఈ ఇసుకపైననే శీతకాలము చివర రాత్రులందు మరియొక దృశ్యము కలదు. ఆలివ్ రిడ్లీ జాతి సముద్రపు తాబేళ్ళు గట్టునకు వచ్చి గుడ్లు పెట్టును. దీపముల వెలుగు, కుక్కలు, మనుష్యులు ఆ గుడ్లకు శత్రువులు. 1988నుండి విద్యార్థులు ఒక సంఘముగ ఏర్పడి, అర్ధరాత్రి దాటిన పిమ్మట మైళ్ళకొలది ఇసుకపై నడచి, ఆ గుడ్లను సేకరించి, కంచె వేసిన స్థలమున పాతి, పొదిగిన పిల్లలను సముద్రమున విడుచుచున్నారు. ఏండ్లు గడచిన కొలది విద్యార్థులు మారుచున్నారు; నడక మాత్రము ఆగలేదు.

నీడ నిలుచుట

ఈ పేటకు ఆపదలు రాకపోలేదు. 2004 డిసెంబరు 26నాటి సునామీ తీరమునందలి కుప్పములను ముంచినది. 2015 డిసెంబరులో అడయారు నది పొంగి నగరమును అల్లకల్లోలము చేసినది. 2016 డిసెంబరు 12న వార్దా తుపాను ఒక్క దినమున నగరమునందలి వేల చెట్లను నేలగూల్చినది. సమాజపు తోటయు, కళాక్షేత్రమును గొప్ప వృక్షములను పోగొట్టుకొన్నవి. కూలినచోట్ల మరల నాటిరి. కాని మొక్క మ్రానగుటకు ఒక తరము పట్టును. గాలివానకంటె నెమ్మదిగ, గాలివానకంటె నిశ్చయముగ చెట్టును కూల్చునది నేల ధర. ఇంటి స్థలము బంగారము ధర పలుకు నగరమున 250 ఎకరములను, నూరు ఎకరములను చెట్లకు వదలుట ప్రకృతి చేసిన పని కాదు. ప్రతి తరమున కొందరు ఒక ప్రలోభమును కాదనుచు వచ్చిన ఫలము.

కావున విద్యార్థులను అడయారునకు కొనిపోవు ఉపాధ్యాయుడు రెండు స్థలములను ఒకే దినమున చూపుట మంచిది. ఒకటి, గోడ లోపలి మర్రిచెట్టు. రెండవది, గోడ వెలుపల ఆల్కాటు బడి. మొదటిదానిని మాత్రమే చూచిన పిల్లవాడు అందమైన తోటను చూచితినని ఇంటికి పోవును. రెండింటిని చూచినవాడు, నీడ పెంచుటయు నీడను పంచుటయు వేర్వేరు పనులని, రెండవది మొదటిదానికంటె కష్టమని గ్రహించును. తిరిగి వచ్చిన పిమ్మట అతనిచేత యాత్రావర్ణనము వ్రాయించుట వాడుకయే. దానికి బదులుగ, తన బడి ఆవరణమునందలి చెట్లెన్ని, ఒక్కొక్క దానిని నాటినదెవరు, మిట్టమధ్యాహ్నము ఆ నీడన ఎవరు కూర్చుందురు అని విచారించి వ్రాసికొని రమ్మనవలెను. చెట్లు లేని బడియైనచో ఆ పుట ఖాళీగ నుండును. ఆ సంవత్సరపు వానలకు చేయవలసిన పని యేదో ఆ ఖాళీ పుటయే చెప్పును.